రాజ్‌పుత్ ఒకటి కాదు, రెండు: ఒకే పేరుతో తిరిగిన మన యుద్ధనౌకలు

తమ్ముడూ, నీ డౌటు ఇదీ కదా: 1971 డిసెంబర్‌లో విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అని ఒక గైడులో ఉంది, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 1980లో కమిషన్ అయి, అంటే నేవీ సర్వీసులో చేరి, 2021లో రిటైర్ అయిందని ఇంకో గైడులో ఉంది, మరి పుట్టకముందే యుద్ధం ఎలా చేసింది, ఏ గైడు తప్పు అని.

రెండూ తప్పు కాదు. అవి రెండు వేరే వేరే షిప్పులు. పేరు ఒక్కటే.

ఈ గందరగోళం నీ ఒక్కడిదే అనుకోకు. నేను నేవీలో సెయిలర్‌గా చేసి చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైర్ అయినవాణ్ణి, అందులో కొన్నేళ్ళు రెండో రాజ్‌పుత్ మీదే ఉన్నా. నా పెళ్ళిచూపుల్లో మా ఆవిడ పెదనాన్నగారు "ఏ షిప్పు బాబూ నీది" అని అడిగితే రాజ్‌పుత్ అన్నా, ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేసి "ఓర్నాయనో, ఘాజీని ముంచిందదేనా" అన్నారు, నేను నోరు తెరిచేలోపు మా మావయ్య "అదేనండీ, సాక్షాత్తూ అదే" అనేశాడు. 1971లో నాకు నాలుగేళ్ళు. ఆ షిప్పు అప్పటికి ఇంకా పుట్టలేదు. సంబంధం మాత్రం ఖాయమైపోయింది, మా ఆవిడ ఇప్పటికీ "పెళ్ళి కోసం ఘాజీని ముంచేసిన మనిషి" అని చుట్టాల ముందు పరువు తీస్తా ఉంటుంది. కాబట్టి ఈ డౌటు తీర్చే హక్కు నాకంటే ఎవడికీ లేదు అనుకుంటున్నా, కొంచెం పెద్దదే రాస్తా, ఓపిగ్గా చదువు.

మొదటి రాజ్‌పుత్ అసలు మన దగ్గర పుట్టింది కాదు. బ్రిటిష్ నేవీలో రోథర్‌హామ్ అని రెండో ప్రపంచ యుద్ధం నాటి డిస్ట్రాయర్, అంటే వేగంగా పోయే పెద్ద యుద్ధనౌక, 1942లో తయారైంది. స్వతంత్రం వచ్చాక 1949లో మనం ఇంగ్లాండ్ నుంచి ఇలాంటివి మూడు కొన్నాం, రోథర్‌హామ్‌కి రాజ్‌పుత్ అని, రైడర్‌కి రాణా అని, రెడౌట్‌కి రంజిత్ అని పేర్లు మార్చాం. రాజ్‌పుత్ నంబర్ డి-141. 1971 వచ్చేసరికి ఇది బాగా ముసలిది, సర్వీసు చివరికి వచ్చేసిన షిప్పు.

అప్పుడు మన ఈస్టర్న్ నేవల్ కమాండ్ పెద్ద వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు. మన దగ్గర ఉన్న ఒకే ఒక్క ఎయిర్‌క్రాఫ్ట్ క్యారియర్ విక్రాంత్, దాన్ని ముంచడానికే పాకిస్తాన్ వాళ్ళు ఘాజీని అరేబియా సముద్రం నుంచి శ్రీలంక చుట్టూ తిప్పి బంగాళాఖాతంలోకి పంపారు. ఈయనేం చేశారంటే విక్రాంత్‌ని చడీచప్పుడు లేకుండా అండమాన్ దీవుల్లో దాచేసి, విక్రాంత్ విశాఖలోనే ఉందని కథ అల్లించారు. పెద్ద షిప్పు వచ్చిందన్నట్టు ఊళ్ళో మాంసం, కూరగాయలు భారీగా ఆర్డర్లు, వైర్‌లెస్‌లో విక్రాంత్ మాట్లాడినట్టే మెసేజ్‌లు. ఆ వేషం కట్టింది ఎవరనుకున్నావ్, ఈ ముసలి రాజ్‌పుతే, విశాఖకి దూరంగా సముద్రంలోకి వెళ్ళి తానే విక్రాంత్ అన్నట్టు సిగ్నల్స్ పంపింది. అంటే చూడు, అసలు షిప్పు అండమాన్‌లో ఉంది, దాని పేరు మాత్రం విశాఖలో తిరిగింది, శత్రువు వచ్చింది పేరు కోసం. నీ ప్రశ్న పేర్ల గురించే కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోయా.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దగ్గర్లో రాజ్‌పుత్ విశాఖ హార్బర్ నుంచి బయటికి వస్తూ నీళ్ళల్లో ఏదో అలజడి చూసి డెప్త్ చార్జీలు, అంటే నీళ్ళ అడుగున పేలే బాంబులు వేసింది, కాసేపటికి పెద్ద పేలుడు, ఊళ్ళో కిటికీలు అదిరాయని మా నాన్న తరం వాళ్ళు చెప్పేవారు. ఘాజీలో 90 మందికి పైగా పోయారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్తా, ఘాజీ రాజ్‌పుత్ డెప్త్ చార్జీల వల్లే మునిగింది అనేది మన నేవీ మాట, లోపల జరిగిన పేలుడు వల్లో, వాళ్ళు పరిచిన మైన్ల వల్లో మునిగింది అనేది పాకిస్తాన్ మాట, ఈ గొడవ ఇన్నేళ్ళయినా తేలలేదు, శిథిలం మాత్రం ఇప్పటికీ మన విశాఖ సముద్రం అడుగునే ఉంది. పరీక్షలో రాజ్‌పుత్ అని రాస్తే మార్కు వస్తుంది, మనసులో మాత్రం రెండు వాదనలూ ఉంచుకో.

ఆ డి-141ని 1976లో స్క్రాప్‌కి ఇచ్చేశారు. పేరు ఖాళీ అయింది.

రెండో రాజ్‌పుత్ సోవియట్ యూనియన్లో కట్టింది, అక్కడ దానికి పెట్టిన పేరు నదేజ్‌నీ, నమ్మదగినది అని అర్థం అంట. 1980 మే 4న జార్జియాలో పోతి అనే రేవులో మన జెండా ఎగరేసి ఐఎన్ఎస్ రాజ్‌పుత్ చేశారు, నంబర్ డి-51. దీని తర్వాత ఇదే రకంవి ఇంకో నాలుగు వచ్చాయి. వాటి పేర్లు వరసగా చూడు: రాణా, రంజిత్, రణ్‌వీర్, రణ్‌విజయ్. రాజ్‌పుత్‌తో కలిపి మొదటి మూడూ ఆ పాత ఇంగ్లాండ్ డిస్ట్రాయర్ల పేర్లే! మిగిలిన రెండిటికే కొత్త పేర్లు వెతికారు, అవీ అదే అక్షరంతో. ఇది ఏదో కుదిరింది కాదు, ఒక జట్టు పోతే ఆ జట్టు పేర్లన్నీ మూటగట్టి ఇంకో జట్టుకి ఇస్తారు, ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే నీకు సగం కన్‌ఫ్యూజన్ పోతుంది.

డి-51 చాలా పని చేసింది, బ్రహ్మోస్ మిసైల్‌ని షిప్పు మీంచి వదిలి చూసే ట్రయల్స్ దీని మీదే జరిగాయి. 2021 మే 21న విశాఖ డాక్‌యార్డులో దాన్ని సర్వీసు నుంచి దించేశారు, అప్పుడు కరోనా రెండో వేవ్ కాబట్టి బయటవాళ్ళెవర్నీ పిలవకుండా చిన్న ఫంక్షన్‌తో సరిపెట్టారు, మేము పాత వాళ్ళం ఎవరింట్లో వాళ్ళం ఫోన్లలో ఫోటోలు చూసుకున్నాం. ఆ రోజు నా ఫోన్‌కి ఎన్ని ఫార్వర్డులొచ్చాయో, "ఘాజీని ముంచిన వీరనౌకకి వీడ్కోలు" అని. ఒక్కొక్కడికీ రిప్లై ఇచ్చే ఓపిక లేక వదిలేశా.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఎందుకిలా పెడతారు అని.

మాది మల్కాపురం సైడు. మా వీధిలో "అప్పలరాజూ" అని కేకేస్తే నాలుగిళ్ళ తలుపులు తెరుచుకుంటాయి, సింహాద్రప్పన్న దయ. తాత పేరు మనవడికి పెడతారు, తాత పోయినా ఇంట్లో ఆ పిలుపు పోకూడదని. నేవీలో కూడా అచ్చం అంతే, షిప్పు ఇనుము, తుప్పు పడుతుంది, 30, 40 ఏళ్ళకి దించాల్సిందే, కానీ పేరుకి తుప్పు పట్టదు కదా, దాన్ని తీసి కొత్తదానికి పెడతారు. దీని కోసం నేవీలో ఇంటర్నల్ నామెన్‌క్లేచర్ కమిటీ అని ఒకటి ఉంది, ఏ రకం షిప్పుకి ఏ రకం పేరు అనేది వాళ్ళు చూస్తారు. డిస్ట్రాయర్లకి ఎక్కువగా పెద్ద ఊళ్ళ పేర్లు, వాటికంటే కాస్త చిన్నవైన ఫ్రిగేట్లకి కొండలు, నదులు, ఆయుధాలు, సబ్‌మెరైన్లకి వేటాడే చేపల పేర్లో సముద్రంతో ముడిపడ్డవో, ఇలా. ఇవి రాతి మీద గీతలేం కాదు, పైన రాజ్‌పుత్, రాణాలనే చూశావుగా, అవి ఊళ్ళూ కాదు కొండలూ కాదు.

ఒకే ఒక్క కండిషన్ ఏంటంటే ఒకే టైములో ఒకే పేరుతో రెండు షిప్పులు కమిషన్‌లో ఉండవు. మా వీధి అప్పలరాజుల్లాగా నలుగురు ఒకేసారి పలకడం అక్కడ కుదరదు, వైర్‌లెస్‌లో ఎవరు పలికారో తెలియకపోతే యుద్ధంలో కొంప మునుగుతుంది. ఇంకోటి, ఒడ్డున ఉండే బేస్‌లకి కూడా ఐఎన్ఎస్ అనే ఉంటుంది, విశాఖ ఎయిర్‌పోర్టు ఉన్న నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్ఎస్ డేగా, సబ్‌మెరైన్ ట్రైనింగ్ స్కూలు ఐఎన్ఎస్ శాతవాహన, ఇవి నీళ్ళ మీద తేలవు. నా మేనల్లుడొకడు డేగా అంటే షిప్పనుకుని ఎప్పుడు చూపిస్తావని ఏడాది పాటు వేధించాడు.

విక్రాంత్ సంగతి అందరికీ తెలిసిందే గానీ అందులో ఒక తమాషా చెప్తా. పాతది బ్రిటన్‌లో హెర్క్యులస్ అనే పేరుతో 1943లో మొదలుపెట్టి, 1945లో నీళ్ళలోకి దించి, యుద్ధం అయిపోయిందని సగంలో వదిలేసిన షిప్పు. 1957లో మనం కొని బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించుకుని 1961 మార్చి 4న కమిషన్ చేశాం. 1971లో దాని విమానాలే కాక్స్‌బజార్, చిట్టగాంగ్ మీద దాడులు చేశాయి. 1997 జనవరి 31న రిటైర్ అయ్యి ముంబైలో కొన్నాళ్ళు మ్యూజియంగా ఉంది. కొత్త విక్రాంత్ కొచ్చిన్ షిప్‌యార్డులో 2013 ఆగస్టు 12న నీళ్ళలోకి దిగింది. అప్పటికి పాతది ఇంకా ముంబైలోనే తేలుతోంది! అంటే కొచ్చిలో తయారవుతున్న విక్రాంత్ ఒకటి, ముంబైలో పాత సామాన్ల వాడి కోసం ఎదురుచూస్తున్న విక్రాంత్ ఒకటి. కమిషన్‌లో లేవు కాబట్టి రూలుకి ఇబ్బంది లేదు, చూసేవాళ్ళకే కష్టం. పాతదాన్ని 60 కోట్లకి అమ్మేసి 2014 చివర్లో కోయడం మొదలుపెట్టారు, ఆ ఇనుములో కొంత బజాజ్ వాళ్ళు కొని 2016లో బజాజ్ వి అనే బైకులో వాడారు, మా ఊళ్ళో ఒకాయన ఆ బైకు కొని "నేను విక్రాంత్ మీద ఆఫీసుకి వెళ్తున్నా" అనేవాడు. కొత్తది 2022 సెప్టెంబర్ 2న కమిషన్ అయింది. పాతది సుమారు 20 వేల టన్నులైతే కొత్తది దానికి రెండింతలు పైనే. అయినా పేరు అదే, నంబర్ కూడా అదే, ఆర్-11.

మునిగిపోయిన షిప్పు పేరు మళ్ళీ పెట్టడం అశుభం కాదా అని కూడా అడిగావు. ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే మనవాళ్ళు పోయినవాళ్ళ పేరు పెట్టేటప్పుడు కూడా ఎలా పోయాడు అని ఒక్క క్షణం ఆలోచిస్తారు.

ఖుక్రీ సంగతి చెప్తా విను. 1971 డిసెంబర్ 9 రాత్రి గుజరాత్ పక్కన డయ్యూ దగ్గర్లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ వేసిన టార్పెడోతో ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారు షిప్పు వదిలి రాలేదు, దానితోనే వెళ్ళిపోయారు, మహావీర చక్ర ఇచ్చారు. యుద్ధంలో మన నేవీకి తగిలిన పెద్ద దెబ్బ అదే. మామూలు మనిషైతే ఆ పేరు ఇంక ఎత్తడు. నేవీ మాత్రం 1989 ఆగస్టు 23న ముంబైలో కట్టిన కొత్త మిసైల్ కార్వెట్‌కి (ఫ్రిగేట్ కంటే చిన్న యుద్ధనౌక) మళ్ళీ ఖుక్రీ అనే పెట్టింది. అది కూడా ఆ తరగతిలో మొదటి షిప్పుకి, అంటే ఆ జట్టు మొత్తాన్నీ ఖుక్రీ క్లాస్ అనే పిలుస్తారు. జట్టులో మిగతావి కిర్పాణ్, కుఠార్, ఖంజర్. పాత రోజుల్లో బ్రిటన్ నుంచి తెచ్చుకున్న మూడూ ఖుక్రీ, కిర్పాణ్, కుఠార్ కదా, 71లో ఆ రాత్రి ఖుక్రీ పక్కన ఉన్నది కిర్పాణే. నంబర్లు కూడా చూడు, పాత ఖుక్రీ 149 అయితే కొత్తది 49, కిర్పాణ్ 144 అయితే 44, కుఠార్ 146 అయితే 46. ముందు ఒకటి తీసేశారంతే. ఇది ఎవడో కూర్చుని శ్రద్ధగా చేసిన పని, గుమాస్తా పని కాదు. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా నచ్చే సంగతి ఇదే.

కొత్త ఖుక్రీ 32 ఏళ్ళు చేసి 2021 డిసెంబర్ 23న మన విశాఖలోనే సర్వీసు నుంచి దిగింది. తర్వాత దాన్ని ఎక్కడికి పంపారో తెలుసా, డయ్యూకి. 2022 జనవరి నుంచి అక్కడే ఉంది, మ్యూజియంగా చూపించడానికి. పాత ఖుక్రీ మునిగిన సముద్రం ఆ ఒడ్డునే.

అవతలి వాళ్ళు కూడా ఇదే పని చేస్తారు. ఘాజీ 1971లో మునిగితే 1975లోనే పోర్చుగల్ దగ్గర ఒక పాత సబ్‌మెరైన్ కొని దానికి ఘాజీ అని పెట్టుకున్నారు. ఖుక్రీని ముంచిన హంగోర్‌ని కరాచీలో మ్యూజియంగా ఉంచారు, ఇప్పుడు చైనా సాయంతో కట్టుకుంటున్న కొత్త సబ్‌మెరైన్ల క్లాస్‌కి మళ్ళీ హంగోర్ పేరే. ఆ లెక్కన నీలాంటి కుర్రాడు ఎవడో కరాచీలో కూడా ఇదే ప్రశ్న అడుగుతూ ఉంటాడు.

అలాగని అన్ని పేర్లూ తిరిగి వస్తాయని కాదు. సోవియట్ నుంచి తెచ్చిన పెట్యా రకం చిన్న షిప్పుల్లో ఐఎన్ఎస్ అండమాన్ అని ఉండేది, 1990 ఆగస్టులో బంగాళాఖాతంలో మునిగిపోయింది, యుద్ధం కూడా కాదు. ఆ జట్టులో అ అక్షరంవి అర్నాలా, అండ్రోత్, అంజదీవ్, అమినీ, అండమాన్. ఇప్పుడు కొత్తగా కడుతున్న సబ్‌మెరైన్ వేట షిప్పులకి అర్నాలా, అండ్రోత్, అంజదీవ్, అమినీ నాలుగూ పెట్టారు, అర్నాలా 2025 జూన్ 18న విశాఖలోనే కమిషన్ అయింది. అండమాన్ మాత్రం ఆ లిస్టులో లేదు.

ఇప్పుడు మన నదుల సంగతి, ఇది నాకు కొంచెం కడుపు మండే టాపిక్కు. గోదావరి పేరుతో ఇప్పటికి మూడు వచ్చాయి. మొదటిది 1943 నాటిది, బ్రిటిష్ ఇండియా నేవీలో స్లూప్ అనే రకం. అప్పట్లో అలాంటివి ఆరు ఉండేవి, 1947లో దేశంతో పాటు నేవీని కూడా పంచారు కదా, సట్లెజ్, జమున, కావేరి, కిస్ట్నా మనకొచ్చాయి, నర్మదా, గోదావరి పాకిస్తాన్‌కి పోయాయి. గోదావరి పాకిస్తాన్‌కి! రాజమండ్రి నదికీ కరాచీకీ ఏం సంబంధం అనుకున్నారేమో 1948లో వాళ్ళు పేరు మార్చి సింధ్ అని పెట్టుకున్నారు, నర్మదాని జీలం చేశారు. మనవాళ్ళు 1953లో బ్రిటన్ నుంచి ఇంకో చిన్న డిస్ట్రాయర్ తెచ్చి, అక్కడ దాని పేరు బీడేల్, దానికి గోదావరి అని పెట్టారు, తోడుగా వచ్చిన రెండిటికీ గంగ, గోమతి. మూడోది 1983 డిసెంబర్ 10న కమిషన్ అయింది, మన దేశంలో డిజైన్ చేసి ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన ఫ్రిగేట్, ఈ జట్టు కూడా మళ్ళీ గోదావరి, గంగ, గోమతియే, చెప్పానుగా మూటగట్టి ఇస్తారని. 1988 నవంబర్లో మాల్దీవుల్లో కుట్ర చేసి షిప్పు ఎక్కి పారిపోతున్న కిరాయి సైనికుల్ని వెంటాడి పట్టుకుంది ఈ గోదావరే. 2015 డిసెంబర్ 23న దిగిపోయింది, తర్వాత ఆ పేరుతో ఇంకోటి రాలేదు. నాలుగోది చూసి పోవాలని నా కోరిక.

కృష్ణది ఇంకో తమాషా. పైన కిస్ట్నా అని రాశా చూశావా, అది నా స్పెల్లింగు తప్పు కాదు. తెల్లదొరలు కృష్ణా జిల్లాని కూడా పాత కాగితాల్లో అలానే రాసేవారు, నోరు తిరక్క. ఆ కిస్ట్నా నంబర్ 46. అది 1981లో రిటైర్ అయ్యింది, తర్వాత 1995లో బ్రిటన్ దగ్గర ఆండ్రోమెడా అనే పాత ఫ్రిగేట్ కొని ట్రైనింగ్ షిప్ చేసి కృష్ణ అని పెట్టారు, దాని నంబరూ 46. కాబట్టి నేను దీన్ని ఒకే పేరు కిందే లెక్కేస్తా, ఇంగ్లిషు అక్షరాలు చూసి రెండు పేర్లు అనేవాడితో వాదించను.

ఢిల్లీ గురించి చెప్పకపోతే నేవీ వాళ్ళు నన్ను తిడతారు. మొదటి ఢిల్లీ అసలు పేరు అకిలీస్, 1939 డిసెంబర్ 13న దక్షిణ అమెరికా పక్కన రివర్ ప్లేట్ దగ్గర జర్మనీ గ్రాఫ్ స్పీ అనే పెద్ద షిప్పుతో కొట్లాడిన మూడిట్లో ఒకటి, అప్పుడది న్యూజిలాండ్ తరఫున ఉండేది. 1948 జూలై 5న మన చేతికొచ్చి ఢిల్లీ అయింది. 1956లో ఆ యుద్ధం మీద ఇంగ్లిషు సినిమా తీస్తే అకిలీస్ వేషం వేయడానికి మన ఢిల్లీనే పంపారు, అంటే తన పాత్రలో తనే, పాత పేరుతో. 1978లో దిగిపోతే దాని తుపాకీ టరెట్ ఒకటి న్యూజిలాండ్ వాళ్ళు తీసుకెళ్ళి ఆక్లాండ్‌లో పెట్టుకున్నారు. ఢిల్లీ పేరు 19 ఏళ్ళు ఖాళీగా ఉండి 1997 నవంబర్ 15న కొత్త డిస్ట్రాయర్‌కి వచ్చింది, డి-61. మైసూర్ కూడా అంతే, పాతది నైజీరియా అనే క్రూయిజర్, నంబర్ సి-60, కొత్త డిస్ట్రాయర్ డి-60.

సబ్‌మెరైన్ల దగ్గర ఇంకా ఎక్కువ తికమక, ఎందుకంటే అక్కడ ఆరుకి ఆరూ పాత పేర్లే. కల్వరి, ఖండేరి, కరంజ్, వేలా, వాగీర్, వాగ్షీర్. పాతవి 1967 నుంచి 1974 మధ్య సోవియట్ నుంచి వచ్చిన ఫాక్స్‌ట్రాట్ రకం, విశాఖలో వాటి బేస్ వీరబాహు. కొత్తవి ఫ్రెంచ్ డిజైన్ స్కార్పీన్ రకం, ముంబైలో కట్టినవి, కల్వరి 2017 డిసెంబర్ 14న మొదలుకుని వాగ్షీర్ 2025 జనవరి 15న ముగించారు. నంబర్ చూసి గుర్తుపడతా అనుకుంటావేమో, ఇక్కడ అదీ మోసమే: పాత కల్వరి ఎస్-23, పాత కరంజ్ ఎస్-21, కొత్త కల్వరి ఎస్-21, కొత్త కరంజ్ ఎస్-23. తిరగబడ్డాయి. ఖండేరి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఎస్-22. మొదటి నాలుగు ఫాక్స్‌ట్రాట్లలో తిరిగి రాని పేరు ఒక్కటే, కుర్సురా. మన ఆర్కే బీచ్‌లో 2002 నుంచి ఇసుకలో కూర్చుని టికెట్ కొన్నవాళ్ళందర్నీ కడుపులోకి రానిస్తోంది కదా, బతికున్న తాత పేరు మనవడికి ఎలా పెడతారు అని నేను జోకేస్తా ఉంటా.

ఇక చక్ర. 1988లో సోవియట్ యూనియన్ నుంచి అద్దెకి తెచ్చిన అణు సబ్‌మెరైన్‌కి చక్ర అని పెట్టారు, అద్దె గడువు తీరి 1991లో తిరిగి ఇచ్చేశాం. 2012లో రష్యా నుంచి ఇంకోటి అద్దెకి తెచ్చాం, అక్కడ నెర్పా అనేవారు, ఏప్రిల్ 4న విశాఖలో దాన్నీ చక్ర చేశారు, 2021లో అదీ వెనక్కి పోయింది. సబ్‌మెరైన్ వాళ్ళది, పేరు మనది. రెండు సార్లూ సబ్‌మెరైన్ వెళ్ళింది, పేరు ఇక్కడే ఉంచేశాం.

బయట దేశాల గురించి రెండు ముక్కలు. ఈ అలవాటు మనకి బ్రిటిష్ నేవీ నుంచి వచ్చిందే, వాళ్ళ దగ్గర పేరుతో పాటు ఆ పేరు గెలిచిన యుద్ధాల గౌరవం కూడా కొత్త షిప్పుకి వారసత్వంగా వస్తుంది. విక్టరీ అనే పేరు మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేరు, 1765లో నీళ్ళలోకి దిగిన ఆ చెక్క షిప్పు పోర్ట్స్‌మౌత్‌లో ఇప్పటికీ లెక్క ప్రకారం సర్వీసులోనే ఉంది. అమెరికా వాళ్ళు 1942లో లెక్సింగ్టన్ అనే క్యారియర్ని కోరల్ సీ యుద్ధంలో పోగొట్టుకుంటే, దాన్ని కట్టిన షిప్‌యార్డు కార్మికులే అప్పుడు తయారవుతున్న ఇంకో క్యారియర్‌కి ఆ పేరు పెట్టమని అర్జీ పెట్టారు, పెట్టారు కూడా. ముంచామనుకున్న పేరు మళ్ళీ ఎదురొస్తే అవతలివాడికి ఎలా ఉంటుందో ఊహించుకో. జపాన్ వాళ్ళు కూడా మిడ్‌వే దగ్గర మునిగిన కాగా పేరుని 2017లో కమిషన్ అయిన కొత్త షిప్పుకి పెట్టుకున్నారు.

సరే, నీ పరీక్ష సంగతి. పేరు కనపడగానే ముందు సంవత్సరం చూడు, తర్వాత నంబర్, తర్వాత ఏ క్లాస్. 1971 యుద్ధం ప్రశ్నైతే రాజ్‌పుత్ డి-141, కరాచీ మీద డిసెంబర్ 4న దాడి చేసిన నిపాత్, నిర్ఘాత్, వీర్ అనేవి చిన్న మిసైల్ బోట్లు, తోడు వెళ్ళిన కిల్తాన్, కచ్చల్ పెట్యాలు. వీటిలో వీర్, నిపాత్, నిర్ఘాత్ పేర్లు 80లలో వచ్చిన మిసైల్ కార్వెట్లకి మళ్ళీ పెట్టారు, కిల్తాన్ 2017లో విశాఖలో కమిషన్ అయిన కార్వెట్‌కి పెట్టారు, కాబట్టి ఫోటో చూసి మోసపోకు, 2017 కిల్తాన్ ఫోటో పెట్టి 1971 కథ రాసేవాళ్ళు బోలెడుమంది. నీలగిరి అంటే 1972లో కమిషన్ అయింది మన దేశంలో కట్టిన మొదటి పెద్ద యుద్ధనౌక, 2025 జనవరి 15ది కొత్త స్టెల్త్ ఫ్రిగేట్, అంటే రాడార్‌కి అంత సులువుగా దొరకనిది. ఇక్కడ కూడా నీలగిరి, హిమగిరి, ఉదయగిరి, దునగిరి, తారాగిరి, వింధ్యగిరి ఆరు పేర్లూ మూటగట్టి ఇచ్చినవే, అందులో పాత వింధ్యగిరి 2011లో ముంబై హార్బర్‌లో ఇంకో షిప్పు గుద్దుకుని కాలి మునిగింది, ఆ పేరు కూడా వదల్లేదు.

ఐఎన్ఎస్ విశాఖపట్నం గురించి మాత్రం ఏ డౌటూ పెట్టుకోకు, డి-66, 2021 నవంబర్ 21న కమిషన్ అయింది, ఆ పేరుకి ఇదే మొదటిది.

మొన్న 2025 ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి రెండూ ఒకేసారి విశాఖలో కమిషన్ అయ్యాయి. ఉదయగిరి అంటే నేవీ లెక్కలో మన ఆంధ్రా కొండల పేరే. ఆ రోజు టీవీలో చూస్తూ ఉంటే మా ఆవిడ పక్కన కూర్చుని "ఇదేంటి, ఉదయగిరి 2007లోనే రిటైర్ అయిందని మీరే చెప్పారుగా, ఇప్పుడు మళ్ళీ కొత్తగా ఏంటి" అంది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినా నీ ప్రశ్నే అడిగింది. ఆవిడకి కూడా ఇదంతా మొదటి నుంచి చెప్పాల్సొచ్చింది, చెప్పడం అయ్యేసరికి కమిషనింగ్ కూడా అయిపోయింది.